ఎండలో పని, నీడలో పని



ఎండాకాలం జాగ్రత్తలు అనగానే గొడుగు, టోపీ, మంచినీళ్ల సీసా గుర్తొస్తాయి. మిట్టమధ్యాహ్నం బయటికి వెళ్లొద్దని పెద్దవాళ్లు చెబుతారు, వాతావరణ కేంద్రం చెబుతుంది, రేడియోలో ఏటా చెబుతూనే ఉంటాం. మంచి మాటే. మరి గడప దాటకుండా ఇంట్లోనే ఉండి వడదెబ్బ తిన్నవాళ్ల సంగతేమిటి? రేకుల గదిలో మిషను కుట్టే దర్జీ, వసారాలో కూర్చుని బీడీలు చేసే ఆడవాళ్లు, గుంట మగ్గంలో కాళ్లు పెట్టుకున్న నేత కార్మికుడు, పొయ్యి ముందు నిలబడ్డ ఇల్లాలు... వీళ్లంతా నీడపట్టునే ఉన్నారు. అయినా సాయంత్రానికి తల దిమ్మెక్కి, కాళ్లు లాగి, అన్నం సయించక పడుకుంటున్నారు. ఇవాళ ముఖ్యంగా వాళ్ల గురించే మాట్లాడదలుచుకున్నాను. ఎండన పడి పనిచేసేవాళ్ల దగ్గరికి ఆ తర్వాత వద్దాం. ఒళ్లు వేడెక్కే తీరు మాత్రం ఇద్దరికీ ఒక్కటే.

2015 మే నెల మన రెండు రాష్ట్రాల వాళ్లకూ గుర్తుండే ఉంటుంది. ఆ వేసవిలో దేశం మొత్తం మీద వడగాడ్పులకు 2 వేల మందికి పైగా చనిపోయారు. వాళ్లలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల వాళ్లే. అంతకు పన్నెండేళ్ల ముందు, 2003లో, ఉమ్మడి రాష్ట్రంలో వెయ్యి మందికి పైగా పోయారు. పోయినవాళ్లలో ముసలివాళ్లు, కూలీనాలీ చేసుకునేవాళ్లు ఎక్కువ. ఎండలు ఎప్పుడూ ఉన్నవే కదా, మన తాత ముత్తాతలు తట్టుకోలేదా అనేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు. తాత ముత్తాతల కాలంలో వడదెబ్బకు పోయినవాళ్లను ఎవరూ లెక్కపెట్టలేదు. అందువల్ల వాళ్లందరూ తట్టుకున్నారని మనం అనుకుంటున్నాం.

ఒంటి సంగతి కాస్త చూద్దాం. మన లోపలి వేడి 37 డిగ్రీల దగ్గర నిలకడగా ఉండాలి. ఊరికే కూర్చున్నా ఒంట్లో వేడి పుడుతూనే ఉంటుంది. గునపం పట్టినా, పచ్చడి రుబ్బినా, మగ్గం తొక్కినా అది అనేక రెట్లు పెరుగుతుంది. ఆ వేడి బయటికి పోవాలంటే చర్మం కంటే గాలి చల్లగా ఉండాలి. మే నెలలో గాలే 42 డిగ్రీలుంటే వేడి బయటికి పోకపోగా బయటి వేడి లోపలికి వస్తుంది. అప్పుడు మిగిలే దారి చెమట ఒక్కటే. చెమట కారితే చాలదు, ఆరాలి. ఒక లీటరు చెమట ఒంటి మీద ఆరితే సుమారు 580 కిలోకేలరీల వేడిని పట్టుకుపోతుంది. అదే చెమట చుక్కలు చుక్కలుగా నేల మీద పడిపోతే నీళ్లూ ఉప్పూ నష్టం తప్ప ఒంటికి చల్లదనం దక్కదు.

దీన్నిబట్టే మనకు రెండు రకాల ఎండలున్నాయి. రామగుండం, ఆదిలాబాద్, రెంటచింతల వైపు గాడ్పు ఎండ. విజయవాడ, కాకినాడ, నెల్లూరు వైపు ఉక్కపోత. గాడ్పు ఎండలో చెమట పుట్టింది పుట్టినట్టే ఆరిపోతుంది. ఒళ్లు తడవదు కాబట్టి మనకు చెమటే పట్టడం లేదనుకుంటాం, నీళ్లు తాగడం మరిచిపోతాం. సాయంత్రానికి పెదాలు పగిలి, మూత్రం ముదురు పసుపులోకి దిగాక గాని తెలిసిరాదు. ఉక్కపోతలో చొక్కా పిండితే నీళ్లు కారతాయి, ఒళ్లు మాత్రం చల్లబడదు.

థర్మామీటరు బుడ్డికి తడిగుడ్డ చుట్టి గాలి తగలనిస్తే, చెమట ఆరాక ఒళ్లు ఎంతవరకు చల్లబడగలదో సుమారుగా తెలుస్తుంది. గాలిలో తేమ 15 శాతం ఉండి 44 డిగ్రీల ఎండ కాస్తే ఆ తడిగుడ్డ థర్మామీటరు 23 చూపిస్తుంది. తేమ 50 శాతం ఉంటే ఎండ 38 డిగ్రీలే అయినా అది 29 దాకా పోతుంది. పేపర్లో 44 చూసి భయపడతాం, 38 చూసి ఇవాళ నయమే అనుకుంటాం. పని చేసే ఒంటికి ఆ 38 తక్కువదేమీ కాదు. తడిగుడ్డ లెక్క 35కు చేరితే నీడలో ఊరికే కూర్చున్న ఆరోగ్యవంతుడు కూడా కొన్ని గంటలకు మించి బతకలేడని శాస్త్రజ్ఞులు 2010లో లెక్కగట్టారు. అమెరికాలోని పెన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో ఆరోగ్యంగా ఉన్న యువతీయువకుల మీద జరిపిన పరీక్షల్లో, తేమ నిండిన గాలిలో దాదాపు 31 దగ్గరే ఒళ్లు అదుపు తప్పడం మొదలుపెట్టింది. ఆ ఫలితాలు 2022లో వచ్చాయి. కాబట్టి కోస్తా ఊళ్లలో ఉన్నవాళ్లు డిగ్రీలు ఒక్కటే చూసుకుని ధైర్యపడకండి. తేమ శాతం కూడా చూడండి.

ఎయిర్ కూలర్ సంగతీ ఇంతే. పొడిగాలి వీచే చోట కూలర్ మహోపకారి. ఉక్కపోత ఊళ్లో, అందులోనూ కిటికీలు బిడాయించుకుని కూలర్ వేస్తే గదిలో తేమ పెరిగి ఇంకాస్త ఉక్కిరిబిక్కిరి అవుతాం. కూలర్ వేసినప్పుడు ఎదురుగా ఒక కిటికీ తెరిచి ఉంచాలి. ఇక ఫ్యాను: గాలి వేడి 40 డిగ్రీలు దాటాక ఫ్యాను ఒక్కదాన్నే నమ్ముకోవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అది ఆ వేడిగాలినే ఒంటి మీదికి తోస్తుంది. తువ్వాలు తడిపి మెడ మీద, చేతుల మీద వేసుకుని ఫ్యాను కింద కూర్చుంటే మాత్రం మేలు చేస్తుంది.

అయితే ఫ్యాను ఉన్నా వేసుకోలేని పనులున్నాయి. నిజామాబాద్, జగిత్యాల వైపు ఊళ్లలో మధ్యాహ్నం ఒక బీడీలు చేసే ఇంటికి వెళ్లి చూడండి. ఒళ్లో చాట, చాటలో తంబాకు, పక్కన తడిగుడ్డలో చుట్టి మెత్తబరిచిన తునికాకు. కత్తెరతో ఆకు కోసి, చిటికెడు తంబాకు పరిచి, చుట్టి, కొస మడిచి, దారం కట్టే దాకా చేతివేళ్లు ఆగవు. ఫ్యాను వేస్తే తంబాకు లేస్తుంది, ఆకు ఆరి పెళుసెక్కి చుడితే విరుగుతుంది. అందుకని ఫ్యాను కట్టేస్తారు. పైన రేకులు కాగుతుంటాయి, మెడ వెనక నుంచి చెమట ధార కడుతుంటుంది. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. లేచి వెళ్లి నీళ్లు తాగి వస్తే నాలుగు బీడీలు తగ్గుతాయి. ఇక్కడ వడదెబ్బకు ఎండెంత కారణమో ఆ లెక్క కూడా అంతే కారణమని నా నమ్మకం.

నేతపనిలో ఇంకో చిక్కు. నూలు పోగుకు తేమే బలం. గాలి పొడిబారితే పడుగు పోగులు పుటుక్కున తెగుతాయి, తెగిన పోగును వెతికి అతికే సరికి పొద్దుపోతుంది. అందుకే గుంట మగ్గాన్ని నేలలోకి దించారు మన పెద్దలు. గుంటలో చల్లదనం, తేమ నిలుస్తాయి. మగ్గం ఉన్న గదిలో నేల మీద నీళ్లు చల్లుతారు, కిటికీలు మూస్తారు. పోగుకు సుఖంగా ఉన్న ఆ గాలి మనిషికి ఉక్కపోత. నేసేవాళ్లు దీనికి తమ దారి తాము కనిపెట్టుకున్నారు. వేసవిలో తెల్లవారుజామునే మగ్గం ఎక్కి, ఎండెక్కే సరికి దిగిపోతారు. మళ్లీ పొద్దు వాలాకే. ఇంట్లో పనిచేసేవాళ్లకు ఇంతకంటే మంచి ఉపాయం నాకు తెలియదు. పనిని రెండు ముక్కలు చేసి, నడిమి నాలుగైదు గంటలు ఒంటికి వదిలేయాలి. బీడీ చేసే అక్కలకు, దర్జీలకు, అప్పడాలు వత్తే సంఘాల వాళ్లకు కూడా ఇదే చెబుతాను. ఇంకో చిన్న పద్ధతి కూడా ఉంది. పనిలో కాస్త ఆగినప్పుడు చేతులు మోచేతుల దాకా చల్లటి నీళ్ల బక్కెట్లో పది నిమిషాలు ఉంచండి. మంటలార్పే సిబ్బంది ఒంటి వేడి దించడానికి చాలా దేశాల్లో ఇదే చేస్తున్నారు. ముంజేతుల్లో రక్తనాళాలు పైపైనే ఉంటాయి కాబట్టి వేడి త్వరగా దిగుతుంది.

వంటింటిని పనిచోటుగా ఎవరూ లెక్కలోకి తీసుకోరు. బయట 41 ఉన్నప్పుడు రెండు పొయ్యిలు వెలిగే వంటగదిలో ఎంతుంటుందో చూసినవాళ్లు తక్కువ. పైగా మన వంటింట్లో అతి పెద్ద పనులన్నీ ఎండాకాలంలోనే పడతాయి. ఆవకాయ పెట్టడం, మాగాయ ముక్కలు ఎండబెట్టడం, మేడ మీద వడియాలు పెట్టడం, ఏడాదికి సరిపడా కారం దంచుకోవడం. సెలవులకు పిల్లలు, బంధువులు వస్తారు, పూటకో పిండివంట. చీరో నైటీయో పాలిస్టరుదైతే చెమట పీల్చదు, మంట ముందు ప్రమాదం కూడా. నూలు బట్ట కట్టుకోండి. ఎనిమిది గంటల లోపు వంట ముగించి, మధ్యాహ్నం పొయ్యి జోలికి పోకుండా ఉండగలిగితే సగం గండం గడిచినట్టే. వేడివేడిగా ఉంటే తప్ప ముద్ద దిగదనే మగవాళ్లు ఈ రెండు నెలలు ఆ మాట మానుకోవాలి. చద్దన్నం, పెరుగు, ఉల్లిపాయ, మామిడికాయ ముక్క. ఇంతకు మించిన వేసవి భోజనం ఏముంది? వండే మనిషికి ఒక మధ్యాహ్నం విశ్రాంతి కూడా దొరుకుతుంది.

ఇక ఇంటి నుంచి కంప్యూటర్ మీద పనిచేసేవాళ్లు. 2020 తర్వాత వీళ్ల సంఖ్య బాగా పెరిగింది. హైదరాబాద్‌లో అద్దె తక్కువని పై అంతస్తులో గది తీసుకుంటారు. కాంక్రీటు శ్లాబు పగలంతా ఎండ తాగి, సాయంత్రం నుంచి ఆ వేడిని గదిలోకి వదులుతుంది. అందుకే బయట చల్లబడ్డాక కూడా లోపల ఉడుకు తగ్గదు. పగలు ఎండ పడే వైపు కిటికీలు మూసి, బయటి వైపు తడకో గోనెపట్టాయో కట్టండి. రాత్రి బయట చల్లబడగానే అన్నీ బార్లా తెరవండి. చాలామంది సరిగ్గా దీనికి తలకిందులుగా చేస్తారు. నిద్ర సరిగా పట్టని రాత్రి మర్నాటి ఎండను రెట్టింపు చేస్తుంది. ఒళ్లు పగలు పడ్డ వేడిని రాత్రి దించుకోవాలి. ఆ అవకాశం వరసగా మూడు నాలుగు రాత్రులు దొరక్కపోతే ముసలివాళ్లు మంచం పడతారు.

ఇంటి పైకప్పు మీద సున్నం కొట్టడం చవకైన వైద్యం. తెల్లటి కప్పు ఎండను వెనక్కి కొడుతుంది. గదిలో రెండు మూడు డిగ్రీలు తగ్గినా నిద్ర పడుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో దేశంలోనే మొదటిసారి చల్లని పైకప్పుల విధానం తెచ్చింది. 600 గజాలు, అంతకు మించిన స్థలంలో కట్టే ఇళ్లకు అది తప్పనిసరి, చిన్న ఇళ్లకు ఐచ్ఛికం. మంచి పని చేశారు. కానీ 60 గజాల్లో రేకులు వేసుకున్నవాడికి ఈ సున్నం అవసరం ఎక్కువ. అలాంటి ఇళ్లకు మున్సిపాలిటీలే సున్నం కొట్టిస్తే బాగుంటుంది. అహ్మదాబాద్‌లో 2010 మేలో ఎండలకు వందలాది మంది చనిపోయాక, ఆ నగరం 2013లో వడగాడ్పుల ప్రణాళిక వేసుకుంది. పేటల్లో ఇళ్ల కప్పులకు తెల్లరంగు వేయించడం తర్వాత అందులో ఒక భాగమైంది.

ఎండలో పనిచేసేవాళ్ల దగ్గరికి వద్దాం. వీళ్లకు నేను గట్టిగా చెప్పదలుచుకున్నది మొదటి వారం గురించి. ఎండకు ఒళ్లు అలవాటు పడటానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. అలవాటు పడ్డ ఒంటికి త్వరగా చెమట పడుతుంది, చెమటలో ఉప్పు తక్కువ పోతుంది. పని మానేసి కొన్నాళ్లు ఇంట్లో ఉంటే ఆ అలవాటు పోతుంది. అందుకే ఎండ పనుల్లో చనిపోయేవాళ్లలో ఎక్కువమంది పనిలో చేరిన మొదటి కొద్ది రోజుల్లోనే పోతున్నారని అమెరికాలో పని భద్రత చూసే సంస్థలు గుర్తించాయి. కొత్తగా వచ్చినవాడికి మొదటిరోజు అయిదో వంతు పనే ఇవ్వాలి, రోజుకు మరో అయిదో వంతు చొప్పున పెంచుకుంటూ పోవాలి. మన దగ్గర జరిగేది వేరు. కాలేజీ సెలవుల్లో నాలుగు రూపాయలొస్తాయని ఇంటర్ చదివే కుర్రాడు సెంట్రింగ్ పనికి పోతాడు. జ్వరం తగ్గిన మర్నాడే తల్లి ఉపాధి పనికి పోతుంది. మేస్త్రి మొదటిరోజే అందరితో పాటు తట్ట ఎత్తిస్తాడు. పాత కూలీ పక్కన కొత్తవాడు వెనకబడితే సోమరి అంటారు. వాడు సోమరి కాదు. వాడి ఒళ్లు ఇంకా ఎండకు తయారు కాలేదు.

నీళ్ల గురించి అందరికీ తెలిసిందే, రెండు మాటలు చాలు. దాహమయ్యే దాకా ఆగకుండా పావుగంటకో ఇరవై నిమిషాలకో ఒక గ్లాసు తాగాలి. ఒకేసారి చెంబులు చెంబులు తాగొద్దు, గంటకు లీటరున్నర మించనివ్వొద్దు. ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ, గంజి, అంబలి, నిమ్మకాయ నీళ్లు మనకు తరతరాలుగా ఉన్నవే. బాగా నీరసించినప్పుడు ఓఆర్ఎస్ ప్యాకెట్ లేకపోతే, లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలపండి, చెంచాకు తలకొట్టి కొలవండి. రక్తపోటు, మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు ఉప్పు విషయం డాక్టరును అడగండి. మూత్రం ఎక్కువ పోయే మాత్రలు, కొన్ని రక్తపోటు మందులు, మానసిక వైద్యంలో వాడే కొన్ని మందులు ఒంటికి ఎండను తట్టుకునే శక్తి తగ్గిస్తాయి. వాటిని సొంతంగా మానేయకండి, వేసవికి ముందే డాక్టరుతో మాట్లాడండి.

ఈ నీళ్ల మాటలో ఒక సంగతి ఎవరూ ఎత్తరు. పనిచోట మరుగుదొడ్డి లేదని ఆడవాళ్లు నీళ్లు తాగడం మానేస్తారు. పొలంలో, కట్టుబడి పనిలో, బజారు దుకాణాల్లో పొద్దున ఎనిమిదికి తాగిన గ్లాసుతో సాయంత్రం దాకా నెట్టుకొచ్చే ఆడవాళ్లు లక్షల్లో ఉన్నారు. నీళ్లు తాగండి అని వాళ్లకు చెప్పడం సులువు. చలివేంద్రం పెట్టే పుణ్యాత్ములు పక్కనే ఆడవాళ్లకో శుభ్రమైన మరుగుదొడ్డి కూడా చూపించగలిగితే ఆ పుణ్యం పూర్తవుతుంది.

పక్కనున్న మనిషికి వడదెబ్బ తగిలిందని ఎలా గుర్తుపట్టాలి? చెమట ఆగిపోతేనే వడదెబ్బ అని చాలామంది అనుకుంటారు. పని చేస్తూ పడిపోయినవాళ్లకు చెమట పడుతూనే ఉండొచ్చు. చూడాల్సింది మాట, నడక. అడిగినదానికి పొంతన లేకుండా చెప్పడం, మాట ముద్దగా రావడం, తూలడం, ఊరికే కోపం తెచ్చుకోవడం, ఫిట్స్ రావడం. ఒంటి వేడి 40 డిగ్రీలు, అంటే 104 ఫారెన్‌హీట్ దాటి మెదడును తాకిందని అర్థం. వెంటనే 108కి ఫోను చేయండి. అంబులెన్సు వచ్చే దాకా చేతులు కట్టుకుని కూర్చోవద్దు, ఆ పావుగంటే ప్రాణం. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, బిందెలతో ఒంటి మీద నీళ్లు పోయండి, విసరండి. ఐసు దొరికితే మెడకు, చంకల్లో, గజ్జల్లో పెట్టండి. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో నీళ్లు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. జ్వరం మాత్ర వేయొద్దు, ఈ వేడి దానికి దిగదు.

చివరిగా పని ఇచ్చేవాళ్లతో ఒక మాట. 250 మంది కంటే ఎక్కువ పనిచేసే చోట ఎండాకాలంలో చల్లటి తాగునీరు ఇవ్వాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం చెప్పింది. పనిచోట నీళ్లు, నీడ, ప్రథమ చికిత్స పెట్టె ఉండాలని 2005 నాటి ఉపాధి హామీ చట్టం చెప్పింది. గుంటూరు మిర్చి యార్డుకు మే నెలలో సెలవులిస్తారు. ఎండలో ఆ ఘాటు మధ్య మిర్చి బస్తాలు మోయడం మనుషుల వల్ల కాదని అందరూ ఒప్పుకున్నారు కనుకనే అది సాగుతోంది. వడదెబ్బకు చనిపోతే కుటుంబానికి 4 లక్షల రూపాయలు ఇస్తామని తెలంగాణ ప్రభుత్వం 2025లో ప్రకటించింది. కుటుంబానికి అది ఆసరా. మనిషి బతికుండగా మధ్యాహ్నం మూడు గంటల విశ్రాంతి ఇవ్వడానికి అందులో వెయ్యో వంతు కూడా ఖర్చు కాదు. విశ్రాంతి తీసుకుంటే కూలి తెగే పద్ధతి ఉన్నన్నాళ్లు కూలీ విశ్రాంతి తీసుకోడు. అది వాడి మొండితనం కాదు, వాడి ఇంటి ఖర్చు.

కాబట్టి ఇల్లు కట్టించుకుంటున్నవాళ్లు, చేను కోయిస్తున్నవాళ్లు, ఇంట్లో పనిమనిషిని పెట్టుకున్నవాళ్లు, బీడీ కంపెనీల వాళ్లు అందరికీ నా మనవి ఒక్కటే. రోహిణి కార్తె వెళ్లే దాకా పని తెల్లవారి ఆరుకే మొదలుపెట్టించండి, పదకొండుకల్లా ఆపించండి, మిగిలింది ఉంటే ఎండ వాలాక చేయించండి. కూలి మాత్రం పూర్తిగా ఇవ్వండి.